నా చేతి నీళ్లు

మా ఆయనకి నా మీద అనుమానం. ఇలా అనగానే మీరేమనుకుంటారో నాకు తెలుసు. ఆ ముచ్చటే అయితే నాలుగు తిట్లు తిట్టి, పుట్టింటికి పోయి కొన్నాళ్లుండి వచ్చేదాన్ని. ఆయన అనుమానం అది కాదు. నేను ఆయన్ని చంపుతున్నానట. రోజూ కొంచెం కొంచెంగా, మంచినీళ్లలో.

నవ్వకండి. ఆ ఏడు నేను నవ్వే చెడ్డాను.

నా పేరు హమీదా. మాది ధరణికోట, కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగాను. గురజాల పక్కన ఈ రాళ్ల ఊరికి నన్నిచ్చారు. దూదేకుల ఇల్లు. మా ఆయన సుభానీ పరుపులకు దూది ఏకేవాడు. పెళ్లయిన కొత్తలోనే, గుంటూరులో యుద్ధానికి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి పోయి, అస్సాం అడవుల్లో రోడ్లు వేసే పటాలంలో చేరాడు. యుద్ధం ముగిసి, ఇక రాడులే అని ఊరంతా అనుకున్నాక వచ్చాడు. ఈలోగా మా అత్త కాలం చేసింది. మంచం పట్టిన మనిషికి అన్నీ నేనే చేశాను. కొడుకు పేరు పలవరిస్తూ నా ఒడిలోనే పోయింది.

వెళ్లిన సుభానీ గలగలా మాట్లాడేవాడు. సంతలో ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయేవాడు. వచ్చిన సుభానీ గోడకి వీపు ఆనించి తలుపు వైపే చూస్తూ కూర్చునేవాడు. ఎవరేమిచ్చినా ముందు వాళ్ల మొహం చూసి, తర్వాత చేతిలోది చూసేవాడు. దూది ఏకే విల్లు అటకమీదే ఉండిపోయింది. "ఏం చేద్దామనుకుంటున్నావయ్యా?" అని అడిగితే ఒకటే జవాబు.

"ఏమో. ఎందుకు బతికొచ్చానో అర్థం కావట్లా."

ఆ మాటకి మొదట్లో నాకు ఏడుపొచ్చేది. తర్వాత తర్వాత ఒళ్లు మండేది. నీకోసం ఇన్నేళ్లు కాచుకుని కూర్చున్నదాని ముందు అనాల్సిన మాటేనా అది?

ఆ వేసవిలో ఊరి మంచినీళ్ల బావి ఎండిపోయింది. అడుగున నాపరాయి బయటపడింది. ఎంత గునపం పెట్టినా కంగుమనడమే తప్ప చుక్క రాలేదు. ఇక ఆడవాళ్లమంతా వాగులోని మడుగు దారి పట్టాం. గేదెలు పొర్లే నీళ్లు, మట్టి రంగు. ఈ ఊరివాళ్లు పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ బావి నీళ్లే తాగారు. ఉప్పగా ఉన్నా అద్దంలా ఉండేవి. మడుగు నీళ్లు తాగాల్సి వచ్చేసరికి చీరకొంగుతో వడగట్టి, కళ్లు మూసుకుని మింగడమే వాళ్లకి తెలిసింది.

నాకు అలా కాదు. కృష్ణకి ఎర్రనీళ్లు తగిలితే మా ధరణికోటలో చిల్లగింజ లేకుండా కడవ నింపరు. కడవ లోపల చుట్టూతా ఆ గింజని తడిపి అరగదీసి, నీళ్లు పోసి, కదపకుండా ఓ పక్కన పెట్టాలి. మట్టంతా అడుక్కి దిగిపోయి పైన తేట నీళ్లు నిలుస్తాయి. మా అమ్మ నా పెట్టెలో మూటకట్టి పెట్టిన గింజలు అప్పుడు అక్కరకొచ్చాయి. మడుగు దగ్గర జనం పడకముందే నీళ్లు తేవాలని తెల్లారగట్లే లేచి, మసక వెలుతురులో కడవలు కడిగి గింజ అరగదీసుకునేదాన్ని.

మా వీధిలో చిల్లగింజ ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. వీళ్లకి తెలిసిందల్లా ముష్టిగింజ. పిచ్చికుక్కల్ని చంపడానికి పెట్టేది అదే, బతుకు మీద ఆశ చచ్చినవాళ్లు మింగేదీ అదే. ముష్టిగింజ పెద్దది, చదునుగా బిళ్లలా ఉంటుంది. చిల్లగింజ చిన్నది, గుండ్రంగా ఉంటుంది. పక్కపక్కన పెడితే పసిపిల్ల కూడా వేరు చేస్తుంది. కానీ సగానికి అరిగి చదునైపోయిన చిల్లగింజని చీకట్లో దూరం నుంచి చూస్తే ఎవరికి తెలుస్తుంది?

ఇదంతా ఇప్పుడు వరసగా చెప్తున్నాను. ఆయన ఏం చూశాడో, ఏమనుకున్నాడో అప్పుడు నాకు ఒక్క ముక్కా తెలియదు. నాకు కనిపించిందల్లా నా మొగుడు నా ఇంట్లో నీళ్లు ముట్టడం మానేశాడని.

అన్నం కూడా అంతే. కంచం ముందు కూర్చుని కెలికి లేచేవాడు. చెంబు అందిస్తే అందుకుని, నేను లోపలికి పోగానే దొడ్లో ఉన్న మేకకి పోసేవాడు. పోసి ఊరుకునేవాడా? దాని ముందు గొంతుక్కూర్చుని, దాని కళ్లలోకి చూస్తూ ఉండేవాడు. మొగుడు మేక మొహంలోకి అంతసేపు చూడటం మీరెప్పుడన్నా చూశారా? నేను చూశాను. నా మొహం వైపు ఒక్కసారి అలా చూసిన పాపాన పోలేదు.

నాకు అనుమానం మొదలైంది. మనిషి నీళ్లు తాగకుండా బతకడు కదా, మరి ఎక్కడ తాగుతున్నాడు? పొద్దున్నే బయటపడితే మధ్యాహ్నం దాటాక వచ్చేవాడు. పక్కింటి కోటమ్మ పిన్ని నా అనుమానానికి ఆజ్యం పోసింది. ఆవిడకి గోడకవతల ఏం జరుగుతుందో మనకంటే ముందే తెలుస్తుంది.

"మగోడు ఇంట్లో ముద్ద ముట్టట్లేదంటే ఇంకో ఇంట్లో ముడుతున్నట్టేనే హమీదా. పట్నవాసం చేసొచ్చినోడు. నువ్వు చానా అమాయకురాలివి."

అడవిలో రాళ్లు కొట్టొచ్చినవాడిది పట్నవాసం ఎలా అవుతుందని అడగాల్సింది. అడగలేదు. నాకూ అదే భయం లోపల తొలుస్తోంది. ఓ రోజు పొద్దున కొంగు తలమీదికి లాక్కుని ఆయన వెనకే బయల్దేరాను.

ఏ గడపా ఎక్కలేదు ఆయన. తిన్నగా ఊరి బయటికి నడిచి ఎండిపోయిన బావి దగ్గర ఆగాడు. చెప్పులు విడిచి, గోడ రాళ్లు పట్టుకుంటూ లోపలికి దిగిపోయాడు. పరిగెత్తి వెళ్లి తొంగిచూస్తే, అడుగున ఆ నాపరాయి మీద మోకాళ్లేసుకుని ఉన్నాడు. చేతిలో గులకరాయి. దాంతో నేలరాయిని ఒకచోట కొడతాడు, చెవి ఆనిస్తాడు, జరుగుతాడు, మళ్లీ కొడతాడు. ఇంకో ఆడది ఉన్నా ఇంత భయపడేదాన్ని కాదు. మనిషికి మతి పోయిందనుకున్నాను.

"ఏమయ్యా! ఏందా పని? ముందు పైకి రా!" అని గట్టిగా అరిచాను.

ఎక్కి వచ్చాడు. నన్ను చూసి, నా వెనకాల ఎవరన్నా ఉన్నారా అని చూశాడు.

"నువ్వెందుకొచ్చావే? ఎవురు పంపారు నిన్ను?"

"నన్ను ఒకళ్లు పంపేదేంది? నా మొగుడు యాడికి పోతన్నాడో నేను చూసుకోకూడదా? ఇంట్లో నీళ్లు తాగవు. యాడ తాగుతున్నావు చెప్పు."

"స్టేషన్ కాడ. ఇంజనుకి పట్టే గొట్టం కింద."

గురజాల స్టేషన్! ఆ ఎండలో అంత దూరం నడిచి, రైలింజను తాగే నీళ్లు తాగి వస్తున్నాడు. ఇంట్లో కడవల నిండా తేట నీళ్లు పెట్టుకుని నేను కూర్చుంటే. జాలిపడాలో చెంప పగలగొట్టాలో తెలియలేదు.

ఇంటికొచ్చాక తలుపు దగ్గరగా వేశాడు. చొక్కా జేబులోంచి ఓ చిన్న గుడ్డముక్క తీసి విప్పాడు. అందులో నా చిల్లగింజ. సగం అరిగింది.

"ఇదేంది?" అన్నాడు.

"చిల్లగింజ."

"రోజూ తెల్లారగట్ల లేచి ఎవురూ చూడకుండా కడవలో అరగదీస్తన్నావు. నేను చూశా. ముష్టిగింజ కాదా ఇది?"

నేను నవ్వేశాను. ఏం చేయను, నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వాను. ఇన్నాళ్ల నా భయమంతా, ఆ కనిపించని ఆడదాని మీద కసంతా ఒక్కసారిగా నవ్వై బయటికొచ్చింది. ఆయన మొహం నల్లబడింది. నేను నవ్వుతున్న కొద్దీ ఒక్కో అడుగూ వెనక్కి వేశాడు.

నవ్వాపి చెప్పాను. ధరణికోట గురించి, ఎర్రనీళ్ల గురించి, మా అమ్మ గురించి. కడవ మూత తీసి నీళ్లు చూపించాను. అంతా విన్నాడు. కానీ నమ్మడానికి విన్నట్టు లేదు, నేను ఎక్కడ దొరికిపోతానా అని విన్నట్టుంది. అస్సాంలో వాళ్లకి పై అధికార్లు రోజూ అదే పాఠం చెప్పారట. ఊళ్లవాళ్లు ఏమిచ్చినా తాగొద్దు, శత్రువులు బావుల్లో విషం కలిపిపోయారు అని. ఒక ఊళ్లో ఒక ముసలమ్మ నవ్వుతూ కుండతో నీళ్లిచ్చిందట. తాగినవాళ్లు పొద్దున్నకి లేవలేదట. అది విషమో, కలరానో ఎవరికి తెలుసు? ఈయన మాత్రం ఆ నవ్వు మొహాన్ని మర్చిపోలేదు. నేనూ నవ్వితిని.

"చంపడానికి నాకేం పోయేకాలం వచ్చిందయ్యా? ఇన్నేళ్లు ఎదురుచూసి, వచ్చాక చంపుకుంటానా?"

ఆయన తలొంచుకున్నాడు. నేలవైపు చూస్తూనే అన్నాడు.

"మా అమ్మ కూడా నీ చేతి నీళ్లే తాగింది."

ఆ మాట దగ్గర నేను నేనుగా లేను. అత్తకి ఒళ్లు తుడిచిన చేతులివి. నోట్లో చుక్క చుక్కగా నీళ్లు పోసిన చేతులు. ఎదురుగా ఉన్న చెంబెత్తి గోడకేసి కొట్టాను. ఏం అరిచానో నాకే గుర్తులేదు. విషం, ముష్టిగింజ, అత్త, చంపాను, చంపలేదు, అన్నీ కలిపి అరిచి ఉంటాను. గోడకవతల కోటమ్మ పిన్ని ఉందన్న సంగతి ఆ అరుపుల్లో గుర్తు రాలేదు.

మధ్యాహ్నానికల్లా ఊరంతా మా వాకిట్లో ఉంది.

బ్రహ్మయ్య మామ మా ఊరి పెద్ద. నాలుగు జతల ఎడ్ల సేద్యం. ఎవరినీ తొందరపడి నమ్మే మనిషి కాదు, తన పొలం గట్టు ఎవరన్నా జరిపారేమోనని రోజూ పోయి చూసుకునే రకం. ఆయన మా అరుగు మీద కూర్చుని గింజని గోటితో గీకి, వాసన చూసి, పక్కవాళ్లకిచ్చాడు. నిండు గింజ చూపిద్దామంటే నా మూటలో మిగిలినవన్నీ అరిగినవే. ఆ సగం గింజే చేతులు మారుతూ పోయింది. ఒకడు అచ్చం ముష్టే అన్నాడు. ఇంకొకడు కాదేమో అన్నాడు. కాదేమో అన్నవాడు కూడా తన చెయ్యి పంచెకి తుడుచుకున్నాడు.

"ముసల్ది పోయేముందు చానా దాహమని అరిచిందయ్యా," అంది కోటమ్మ పిన్ని. "నేను ఇన్నా. ఈ పిల్లే పోసింది నీళ్లు."

"జొరమొచ్చినోళ్లకి దాహం కాదా పిన్నీ? అప్పుడు బావిలో నీళ్లున్నాయి, గింజతో నాకు పనేంది?" అన్నాను.

"ఉన్నాయో లేవో, నీ పెట్టెలో గింజలైతే అప్పట్నుంచే ఉన్నాయిగా!"

ఏం చెప్తారు దీనికి? నేను లోపలికి పోయి కడవలోంచి చెంబు ముంచుకొచ్చి, అందరి ముందూ గటగటా తాగాను.

"విరుగుడు మింగి తాగిందేమో," అన్నారెవరో వెనకనుంచి.

"అయితే మేకనడగండి! ఈయన రోజూ దానికి పోసి చూస్తానే ఉన్నాడు. చచ్చిందా?"

"మేక ముష్టాకు కూడా తింటదమ్మా. దానికేం కాదు," అన్నాడు బ్రహ్మయ్య మామ నింపాదిగా.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. నేను తాగితే విరుగుడు. మేక తాగితే మేక గట్టిది. ఇంకెవరు తాగినా ఇంకేదో ఉంటుంది. నేను చెప్పిన ప్రతి మాటా నాకే చుట్టుకుంటోంది. నా ఎదురుగా ఉన్నవాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు, నిన్నటిదాకా నన్ను అమ్మాయీ అని పిలిచినవాళ్లే.

బ్రహ్మయ్య మామ లేచాడు. "ఇది మనవల్ల తేలేది కాదు. బండి కట్టించండి. గింజనీ పిల్లనీ గురజాల స్టేషన్లో ఒప్పజెప్దాం. పోలీసోళ్లు పరీక్ష చేయించుకుంటారు."

పోలీస్ స్టేషన్‌కి వెళ్లిన ఆడదాని గతేమిటో నన్నడగక్కర్లేదు. గింజ మంచిదని తేలేలోపు నాకేమవుతుందో, తేలినా ఏ మొహం పెట్టుకుని తిరిగొస్తానో? పుట్టింటివాళ్లు తలుపు తీస్తారా? గుంజ పట్టుకున్నాను. మా ఆయన వైపు చూశాను. నాకు ఆ క్షణంలో ఆ మనిషి మీద అసహ్యం పుట్టింది. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నాకోసం అనలేడా?

ఆయన పందిరి కింద నిలబడి ఉన్నాడు. బండి అన్న మాట వినగానే తలెత్తాడు. అందరి మొహాలూ చూశాడు, చివర్న నా మొహం. తర్వాత గబగబా లోపలికి పోయాడు. కడవ దగ్గర గలగలమన్న చప్పుడు. చెంబుతో బయటికొచ్చి, గడపలో నిలబడి, ఊపిరి తీసుకోకుండా మొత్తం తాగేశాడు. గడ్డం మీదనుంచి నీళ్లు చొక్కాలోకి కారాయి. ఖాళీ చెంబు బోర్లించి బ్రహ్మయ్య మామకి చూపించాడు.

"ఇంక బండి అక్కర్లేదు మామా. నా ఇంటి నీళ్లు, నా పెళ్లాం ఇచ్చింది, నేను తాగా. ఎవురూ యాడికీ పోరు."

నా గుండె నిండిపోయింది. నమ్మాడు! చివరికి నన్ను నమ్మాడు! దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది. మొహంలోకి చూస్తే కళ్లు ఎక్కడో ఉన్నాయి. అరుగు మీద మెల్లగా చతికిలబడ్డాడు.

"హమీదా, కూర్చో. ఎక్కువ సేపు లేదు," అన్నాడు.

"ఏంది లేనిది?"

"ముష్టి ఎక్కితే ముందు మెడ బిగుసుకుంటదంట. మాట పడిపోకముందే చెప్పాల."

అప్పటికి నాకర్థమైంది. ఈ మనిషి నన్ను నమ్మలేదు. ఇప్పుడు కూడా, నీళ్లు కడుపులోకి పోయాక కూడా, అది విషమనే అనుకుంటున్నాడు. విషమనుకునే తాగాడు.

నేను ఆయన చెయ్యి వదలలేదు. విషం కాదని చెప్పడానికి నోరు తెరిచాను, మళ్లీ మూసుకున్నాను. ఎన్ని నెలల నుంచి ఈ మనిషి నాతో నాలుగు మాటలు మాట్లాడలేదు! చావబోతున్నాననుకుంటే తప్ప నోరు పెగలనివాడిని ఆపడం ఎందుకు? మాట్లాడనీ అనుకున్నాను.

"ఎందుకు తాగావు మరి?" అన్నాను.

"నిన్ను బండెక్కిస్తామన్నారు." ఆలోచించకుండా అన్నాడు. "అస్సాం నుంచి వచ్చిన కాడ్నుంచి నా బుర్రలో ఏదీ నిలవట్లేదే. పొద్దున అనుకున్నది సాయంత్రానికి ఉండదు. నిన్ను బండెక్కిస్తామన్నప్పుడు మాత్రం ఒకటే అనిపించింది. నువ్వు పోగూడదు. చంపినా సరే, నువ్వే ఉండాల. ఇంకేం అడ్డం రాలా."

జనం ఇంకా వాకిట్లోనే ఉన్నారు. ఆయనకి వాళ్లు కనిపించడం లేదు.

"ఇంకోటి చెప్పాల. ఆ బావి. దాన్ని అట్ట ఒదిలెయ్యొద్దని బ్రహ్మయ్య మామకి చెప్పు. ఆ రాయి కింద నీళ్లున్నాయి. తూర్పు పక్క కొడితే బోలుగా మోగతంది. పై పలక మందం తక్కువ. బెజ్జాలు ఏటవాలుగా వెయ్యాల, నిట్టనిలువుగా వేస్తే గోడలు కూలతాయి. పేలుడు మందు కొంచెమే దట్టించాల. అక్కడ మేం కొండలే పగలేసినాం, ఇదెంత!"

"ఇన్నాళ్లూ ఈ ముక్క ఎందుకు చెప్పలేదయ్యా? ఊరంతా గేదెల నీళ్లు తాగతా ఉంటే?"

"చెప్తే చెయ్యమంటారు," అన్నాడు. "మస్తాన్‌రావని నరసరావుపేట పిల్లోడు నాతో ఉండేవోడు. కొండ చరియకి తాళ్ల మీద దిగి మందు పెట్టాం, ఒత్తి నేనే అంటించా. పైనుంచి తాడు లాగాల్సినోళ్లు లాగలా. ఏదో మాట్లాడుకుంటా ఉన్నారంట. నేను ఎగబాకి బయటపడ్డా. వాడు పడలా. అప్పట్నుంచి ఎవుర్ని చూసినా, వీడు నా తాడు లాగడు అనే అనిపిస్తది. నిన్ను చూసినా అంతే. తప్పు నీది కాదే."

నాకు దుఃఖం ఆగలేదు. ఆయన తల నా భుజానికి ఆనించుకుని ఏడ్చాను. ఎదురుగా కోటమ్మ పిన్ని కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. సుభానీ పోతున్నాడనే ఆవిడ ఏడుపు.

అలా కూర్చున్నాం. పందిరి నీడ జరిగిపోయి ఎండ ఆయన కాళ్ల మీదికొచ్చింది. ఆయన మెడ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తిరిగింది. వేళ్లు ముడిచి విప్పాడు. అవీ బాగానే ఉన్నాయి. బ్రహ్మయ్య మామ రెండు చుట్టలు కాల్చి పారేశాడు. వచ్చినవాళ్లు కొందరు పశువుల పనుందని లేచిపోయారు. చావు చూద్దామని కూర్చున్నవాళ్లకి విసుగొచ్చేసింది.

"ఎట్టుందిరా సుభానీ?" అని అడిగాడు బ్రహ్మయ్య మామ.

మా ఆయన నా వైపు చూశాడు. సిగ్గుపడుతున్నట్టు చూశాడు. "ఆకలైతంది మామా," అన్నాడు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చేసింది. "అవుద్ది! ఎందుకు కాదు? పెళ్లాం విషం పెట్టిందని ఊరందరి ముందూ తాగి కూర్చుంటివి. నమ్మి తాగావా అంటే నమ్మకపోతివి. ఇదేం మనిషివయ్యా నువ్వు? మెదడుందా అసలు? చావబోతేగాని పెళ్లాంతో మాట్లాడవా?" అని తిడుతూనే లోపలికి పోయి అన్నం పెట్టాను. గిన్నె ఊడ్చేదాకా తిన్నాడు. తింటున్నంతసేపూ తిట్టాను.

బ్రహ్మయ్య మామ అరుగు దిగుతూ నన్ను చూసి, "ఆ గింజలు రెండు మా ఇంటికి కూడా పంపు అమ్మాయీ," అన్నాడు. తప్పయిందని అనడం ఆ మనిషికి ఎలాగూ రాదు. ఆ రాత్రే ఆయన మనిషి మాచర్ల వైపు వెళ్లి, రాళ్ల గనుల కాంట్రాక్టరు దగ్గర మందుకీ ఒత్తికీ మాట్లాడి వచ్చాడు.

మర్నాటి నుంచి మా ఆయన కూర్చుంటే ఒట్టు. పొద్దున్నే సమ్మెట భుజాన వేసుకుని వెళ్లేవాడు. రాళ్లు కొట్టే ఏలియాని తోడు తీసుకున్నాడు. ఏలియా వాళ్లని ఆ బావి గట్టు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. రాయి కొట్టడానికి మాత్రం ఎక్కొచ్చట. "ఏలియా తవ్విన నీళ్లు ఏలియా కూడా తోడుకుంటాడు. అట్టయితేనే నేను దిగతా," అన్నాడు మా ఆయన. ఇన్నాళ్లకి ఆ గొంతు అంత గట్టిగా పలకడం విన్నాను. బ్రహ్మయ్య మామ చాలాసేపు గొణిగి చివరికి సరేనన్నాడు. దాహం అందరికీ ఒకటే కదా.

బెజ్జాలు వేయడం అయిపోయింది. మందు పెట్టే రోజు బ్రహ్మయ్య మామ తోటలోంచి మోట సామాను తెచ్చి బావి గట్టు మీద బిగించారు. గిలక మీదుగా తాడు, తాడు చివర ఎడ్ల జత. కింద మా ఆయన నడుముకి తాడు కట్టుకుని ఒత్తి అంటిస్తాడు, కేక వేస్తాడు. పైన ఎడ్లని ముందుకి తోలితే ఆయన పైకి వచ్చేస్తాడు. ఒత్తి కాలేది కాసేపే. ఎడ్లు మొరాయించినా, తోలేవాడు ఒక్క క్షణం పరధ్యానంగా ఉన్నా, ఇక అంతే సంగతులు.

ఊరంతా దూరంగా నిలబడి చూస్తోంది. ఎడ్లని తోలడానికి బ్రహ్మయ్య మామ పాలేరు వెంకట్రామయ్య పలుపులు అందుకున్నాడు. నెమ్మదైన మనిషి. ఆ ఎడ్లని దూడలప్పట్నుంచి మేపినవాడు.

మా ఆయన నడుముకి తాడు బిగించుకుని గట్టు మీద నిలబడ్డాడు. వెంకట్రామయ్యని చూశాడు. పక్కనున్నవాళ్లని ఒక్కొక్కళ్లనే చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. మొహం చూసి, తర్వాత చేతిలోది చూసే చూపు. చెయ్యి వణకడం మొదలైంది. ఆ చేత్తో ఒత్తి ఎలా అంటిస్తాడు?

"దిగవేందిరా?" అన్నాడు బ్రహ్మయ్య మామ.

"ఎడ్లని హమీదా తోలతది," అన్నాడు మా ఆయన.

జనంలో గోల బయల్దేరింది. ఆడమనిషి మోట తోలడమేంది అన్నారు. వెంకట్రామయ్యకి మించి ఎవరు తోలతారు అన్నారు. నిన్నగాక మొన్న విషం పెట్టిందన్నావు కదరా అని కోటమ్మ పిన్ని అననే అంది.

"అన్నా. ఇప్పుడు కూడా నా బుర్ర పూర్తిగా కుదుటపడలా. ఆమె చేతిలో తాడుంటే నా చెయ్యి వణకదు. అంతే నాకు తెలిసింది. ఆమెకివ్వండి."

ధరణికోటలో మా నాన్న బండి ఎడ్లని నేను తోలినదాన్నే. ఇన్నాళ్లూ ఆయన నన్ను నమ్మడం లేదని ఏడ్చాను, నమ్మితే ఎంత బరువో ఆ పలుపులు చేతికొచ్చాక తెలిసింది. వద్దనేద్దామా అని కూడా అనిపించింది. ఆయన నా వైపు చూశాడు. ఈసారి నా మొహం ఒక్కటే చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి బావిలోకి దిగిపోయాడు.

కింద ఏం జరుగుతోందో కనిపించదు. నా వీపు బావి వైపు, మొహం ఎడ్ల వైపు. పక్కన ఎవరో ఏదో అడుగుతున్నారు. నేను చెవిన వేసుకోలేదు. లోకంలో నాకు వినపడాల్సింది ఒక్క గొంతే. గంధకం వాసన గుప్పుమని వచ్చింది.

"హమీదా!"

లాగమని అనలేదు. నా పేరే పిలిచాడు. నేను వెనక్కి తిరగలేదు. రెండు ఎడ్ల తోకలూ మెలిపెట్టి గొంతు చిరిగేలా అదిలించాను. తాడు బిగుసుకుంది, గిలక కిర్రుమంది. ఆయన చెయ్యి గట్టు అందుకుందని అందరూ అరిచేదాకా నేను ఆ ఎడ్లని ఆగనివ్వలేదు.